ఏనుగుకు చేతులు జోడించిన సాయంత్రం: మదనపల్లె నుంచి కుప్పం వైపు సైకిల్ మీద

1986 ఫిబ్రవరి 9, ఆదివారం. బయలుదేరే ముందు చేసిన పనులు: మంచినీళ్లు రెండు బిందెలు పట్టాను. ఎనుము పాలు పితికి డిపోకు పంపాను. మూడు రోజులకు సరిపడా ఊరిబిండి పచ్చడి నూరి జాడీలో పెట్టాను. వాకిలి ఊడ్చి ముగ్గు వేశాను. రేషన్ కార్డు, బీరువా తాళం మా అమ్మాయికి అప్పగించాను. నానబెట్టిన దుప్పటి ఒకటి ఉతకకుండానే మిగిలిపోయింది.

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వైపు సైకిల్ మీద పోవచ్చా అని ఈమధ్య కొందరు ఆడవాళ్లు నన్ను అడుగుతున్నారు. పోవచ్చు. రెండు రోజులు పడుతుంది. దారి ఎలా ఉంటుందో, ఎంత ఖర్చవుతుందో కింద రాస్తున్నాను. అయితే నేను సరదాకు పోలేదు. ఎందుకు పోయానో చెప్పకుండా ఆ దారి గురించి మాత్రమే చెప్పడం నాకు చేతకాదు.

కుప్పానికి ఇవతల, గుట్టల అంచున గుట్టకిందపల్లె అనే ఊళ్లో మా తమ్ముడు గోవిందప్ప ఉండేవాడు. రాగి, కొంచెం మల్బరీ, పావెకరం చెరుకు. ఇంట్లో మా అమ్మ, వాడి భార్య నాగరత్న. వాళ్లకు పిల్లలు లేరు. ఆ ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లు కూడా తమ గుట్టల్లో ఏనుగును చూసి ఎరగరు. మొన్న రాగి కోతలప్పుడు తమిళనాడు అడవుల వైపు నుంచి ఒక మంద దిగి వచ్చింది. ఊరివాళ్లకు తెలిసిన ఏనుగు ఒక్కటే, ఎప్పుడైనా మావటితో వీధిలోకి వచ్చే గుడి ఏనుగు. పండు ఇస్తే తింటుంది, తొండం తల మీద ఆనించి దీవిస్తుంది, పిల్లల్ని ఎక్కించుకుంటుంది. అందుకని మంద చెరుకు తోటలోకి దిగిందని తెలియగానే, వినాయకుడే కుటుంబంతో వచ్చాడని ఊరంతా పలకలు కొట్టుకుంటూ హారతి పళ్లేలతో ఎదురు వెళ్లింది. మొదటి సాయంత్రం ఏనుగులు దూరంగా నిలబడి చెరుకు తిని వెళ్లిపోయాయి. నైవేద్యం అందిందని అందరూ సంతోషపడ్డారు. రెండో సాయంత్రం మా తమ్ముడు పళ్లెం పట్టుకుని ఇంకొంచెం ముందుకు నడిచాడు. పళ్లెంలో బెల్లం, కొబ్బరికాయ ఉన్నాయి, కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉందట. వాడికి ముప్పై ఎనిమిదేళ్లు.

వాడి కర్మంతరాలు అయిన తర్వాత మా అమ్మకు ఒక సంగతి తెలిసింది. ఆ సాయంత్రం అమ్మ కళ్లం దగ్గర ఉంది. ఇంట్లో వేరే ఆడమనిషి లేదు. పలకలు మోగుతున్నాయని మా తమ్ముడు తొందరపెడితే, పళ్లెం సర్ది కర్పూరం పెట్టి ఇచ్చింది నాగరత్న. ఆమె అప్పుడు బయట చేరి రెండో రోజు. అంటు చేత్తో ఇచ్చిన హారతికి దేవుడు కోపగించాడని అమ్మ తేల్చింది. ఊరు అవునంది. అందరికంటే ముందు నాగరత్నే అవునంది.

ఈ సంగతి నాకు చెప్పినవాడు సిద్దప్ప. ఆ ఊరివాడే, పట్టుగూళ్ల లారీ నడుపుతాడు. మదనపల్లెకు వచ్చినప్పుడల్లా మా సైకిళ్ల అంగడి దగ్గర ఆగి మంచినీళ్లు తాగి పోతాడు.

"మీ యమ్మ ఆ పిల్ల చేతి నీళ్లు గూడా తాగట్లేదమ్మా," అన్నాడు. "వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకోని ఒక్కతే వండుకుంటాండాది. తినేది ఎంత, పారేసేది ఎంత. చిక్కి సగమయిపోయింది. మూడో నెల మాసికం కాంగానే కోడల్ని పుట్టింటికి తోలేస్తాదంట."

"ఆ పిల్ల ఏమంటాండాది?"

"ఏమీ అన్దు. పోతాననే అంటాండాది. కొట్లాడేదయితే ఊళ్లో సగం మందన్నా ఆ యమ్మి పక్కకి తిరుగుతారు. తప్పు నాదేనని కూర్సుంటే ఎవురేం జేస్తారు సెప్పు?"

నాగరత్నకు తల్లీ తండ్రీ లేరు. అన్న ఒకడున్నాడు, కూలికి పోతేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అక్కడికి పోతే ఆమె బతుకు ఏమవుతుందో నాకు తెలుసు. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. కానీ నేనూ అదే ఆచారంలో పెరిగినదాన్ని. అమ్మతో ఏమని వాదించాలో నాకు తోచలేదు. అమ్మను కొన్నాళ్లు మా ఇంటికి తెచ్చుకుంటే ఆ పిల్ల అక్కడే ఉంటుంది కదా అన్నంతవరకే ఆలోచించి బయలుదేరాను.

సైకిల్ ఎందుకంటే, నాకు బస్సు పడదు. డీజిల్ వాసనకు కడుపులో తిప్పుతుంది. తమ్ముడి చావుకు బస్సులోనే వెళ్లాను. దారంతా వాంతులు చేసుకుని, దిగేసరికి నిలబడలేక, వాణ్ణి తీసుకుపోతుంటే అరుగు మీద పడుకుని చూశాను. మా ఆయనది బాడుగ సైకిళ్ల అంగడి. పెళ్లయిన కొత్తలోనే నాకు తొక్కడం నేర్పించాడు. సరుకులకు, చుట్టాల ఇళ్లకు రామసముద్రం దాకా నేను తొక్కుకుని పోవడం మా వీధిలో ఎవరికీ వింత కాదు. అయినా ఇంత దూరం ఎప్పుడూ పోలేదు.

"నలబై ఏడేండ్ల ముసలామె నా సైకిల్ మీద కుప్పం పోయిందంటే అంగడికి పేరొస్తాదిలే," అన్నాడు మా ఆయన, చైను బిగిస్తూ. నన్ను నవ్వించాలని అన్నాడు. నవ్వు రాకపోయేసరికి తనే తల వంచుకుని బ్రేకులు మళ్లీ చూశాడు.

అయిదు కాకముందే కదిలాను. వెనుక చక్రానికి వల ఉన్న లేడీస్ సైకిల్, క్యారియర్ మీద ఒక గుడ్డసంచి. సంచిలో ఒక చీర, అమ్మకు రెండు అచ్చుల బెల్లం, ఒక అత్తం అరటిపళ్లు, మంచినీళ్ల సీసా. చెప్పులు క్యారియర్‌కు కట్టేశాను, తొక్కేటప్పుడు జారిపోతాయి. ఊరు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లు. డైనమో దీపం వెలుగులో ముందు రెండు మూడు గజాలే కనపడతాయి. ఒకచోట నక్క రోడ్డు మధ్యలో ఆగి నా దీపం వంక చూసి, ఏ తొందరా లేకుండా వేరుశనగ చేలోకి దిగిపోయింది. తెల్లవారుతుంటే చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఎగుడుదిగుళ్లు ఎక్కువ. ఎక్కలేని మిట్టల దగ్గర దిగి తోసుకుంటూ నడవడమే మంచిది, సిగ్గుపడాల్సిన పని లేదు.

పుంగనూరు చేరేసరికి ఎనిమిది. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో రెండు ఇడ్లీ, ఒక టీ తీసుకున్నాను, రెండు రూపాయల లోపే అయింది. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన నా కాళ్ల వంక, సైకిల్ వంక చూశాడు.

"యాడి నుంచి తల్లీ?"

"మదనపల్లె నుంచప్పా. కుప్పం పక్కకి పోతాండాను."

"మొగోళ్లు లేరా ఇంట్లో?"

"ఉండారు. వాళ్లకి సైకిల్ తొక్కేది వస్తే గదా."

పక్క బల్ల మీద టీ తాగుతున్న వాళ్లు నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, నా సీసా తీసుకుని వేడినీళ్లు నింపించి ఇచ్చాడు. మా ఆయన మీద అబద్ధం చెప్పాను కానీ, చావు గురించి చెప్పి మళ్లీ అన్నీ వివరించడం కంటే అది సులువనిపించింది.

పుంగనూరు నుంచి పలమనేరు దారి అంతకంటే నయం. కోసేసిన చేలల్లో నెమళ్లు గింజలు ఏరుకుంటున్నాయి. ఒక పోతునెమలి తోక మోసుకుంటూ రోడ్డు దాటేదాకా ఆగాను. మా తమ్ముడు చిన్నప్పుడు నెమలీక కావాలని నన్ను గుట్టంతా తిప్పేవాడు. అక్కడ రోడ్డు మీద రెండు ఈకలు పడి ఉన్నాయి. తీసుకోబుద్ధి కాలేదు. ఎవరికి ఇవ్వాలని తీసుకోను? మధ్యాహ్నం ఒంటిగంటకు పలమనేరు చేరి, మా ఆయనకు సైకిల్ సామాన్లు అమ్మేవాళ్ల ఇంట్లో ఆగాను. తెలిసినవాళ్లు లేనివాళ్లు బస్టాండు దగ్గర వసతి చూసుకోవచ్చు, కానీ ఒంటరి ఆడవాళ్లకు నేను అది చెప్పను. ముందే ఎవరినైనా విచారించి పెట్టుకోండి.

మరునాడు సోమవారం. తెల్లవారుజామునే తలకు పోసుకుని, వాళ్ల దేవుడి గూటి ముందు దండం పెట్టుకున్నాను. సోమవారాలు నాకు ఒక్కపొద్దు, సాయంత్రం దాకా ఏమీ తినను. అన్నీ సరిగ్గా జరిగితే మధ్యాహ్నానికే ఊరు చేరాల్సింది. వి.కోట దాకా సరిగ్గానే జరిగింది. అక్కడ వెనుక టైరులో తుమ్మముల్లు దిగింది. పంక్చర్ వేసే మనిషి అన్నానికి పోయాడు. ఆయన వచ్చి, ట్యూబు తీసి, ఒకటి కాదు మూడు బొక్కలని చూపించి, పట్టీలు వేసేసరికి రెండున్నర దాటింది. పట్టీలకు రెండు రూపాయలు తీసుకున్నాడు.

పక్కనే టీ అంగడి. అంగడాయన గాజుగ్లాసు చేతికిస్తూ, "యాడికమ్మా?" అన్నాడు. చెప్పాను.

"మూడు దాటినాంక ఆ దారిలో ఒంటిగా పోవాకండి. ఏనిగలు రోడ్డు దాటతాండాయి. బస్సోళ్లే నిలిపేసుకుంటాండారు."

"ఎదురుపడితే ఏం చేయాలప్పా?"

"ఏం జేస్తారు? దండం పెట్టుకోవాల. సామి గదా."

తమాషాకు అనలేదు. ఆ మాట అంటూ ఆయన చేతులు కూడా సగం దగ్గరికి వచ్చాయి. అక్కడే ఆగిపోయి ఉండాల్సింది. ఇంకెంత, గంటన్నర దారే కదా అనుకున్నాను. అమ్మ వాకిట్లో మూడు రాళ్ల ముందు కూర్చున్న సంగతే నా మనసులో ఉంది.

ఊరికి నాలుగు కిలోమీటర్ల ఇవతల రోడ్డు పల్లంలోకి దిగి వాననీళ్లు పోయే ఒక చిన్న మోరీ దాటుతుంది. ఎడమ పక్క మామిడితోట, కుడి పక్క అడవి. మామిళ్లు పూత మీద ఉన్నాయి. ముందు నాకు వాసన వచ్చింది, పశువుల కొట్టం వాసనే, కానీ అంతకంటే ఘాటైనది. రోడ్డు మీద విరిగిన కానుగ కొమ్మలు, ఇంకా తడి ఆరని పేడ. సైకిల్ దిగాను. తల ఎత్తేసరికి అది మోరీ అవతల, రోడ్డు వారగా, చెట్టు నీడలో నిలబడి ఉంది. ఒక్కటే. కొమ్ముల ఏనుగు. తొండంతో దుమ్ము తీసి ఒంటి మీద చల్లుకుంటోంది. ఎర్రమట్టి పట్టి దాని రంగు ఆ రోడ్డు రంగులోనే కలిసిపోయింది. లేకపోతే అంత పెద్దదాన్ని ముందే చూసేదాన్ని.

దాని ముందరి కాలు ఒకటి వాచి, మోకాలి కింద పెద్ద పుండు. ఈగలు ముసిరి ఉన్నాయి. దుమ్ము ఆ కాలి మీదే మళ్లీ మళ్లీ చల్లుకుంటోంది. ఆ కాలు నేలకు పూర్తిగా ఆనించడం లేదు. ఈ గాయం ఎక్కడ తగిలిందో, ఎవరు కొట్టారో, ఎంత దూరం నుంచి ఇలా కుంటుకుంటూ వచ్చిందో అనిపించింది. నేను సైకిల్‌ను తొడకు ఆనించుకుని రెండు చేతులూ జోడించాను. ఆలోచించి చేసింది కాదు, చేతులు వాటంతటవే లేచాయి. స్వామీ, మా ఇంటి మీద కోపం చాలించు అని నోట్లోనే అనుకున్నాను.

దుమ్ము చల్లుకోవడం ఆపింది. చెవులు రెండూ విప్పింది. ఘీంకరించలేదు, ఏమీ లేదు. వచ్చేసింది. కుంటికాలితో అంత వేగం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సైకిల్ వదిలేసి రోడ్డు పక్కకు జారి, మోరీ గొట్టంలోకి మోచేతుల మీద పాకాను. లోపల ఎండుటాకులు, ఎవరో పారేసిన సారా సీసా పెంకులు. అవి మోచేతుల్లో గుచ్చుకున్నాయి. వెనుక ఇనుము వంగే చప్పుడు వినపడింది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. గొట్టం అంచు నుంచి చూస్తే దాని కాళ్లు, తొండం కనపడ్డాయి. నా సంచి చింపి, పళ్లు ఒక్కొక్కటే తీసుకుని తింది. బెల్లం కాగితంతో సహా నోట్లో పెట్టుకుంది. చీరను పైకెత్తి, తినేది కాదని తెలిసి, పక్కన పెట్టింది. తర్వాత నా నెత్తి మీద, రోడ్డు మీదే నిలబడింది. దాని కడుపులో గుడగుడ నా వీపుకు తెలుస్తోంది. అప్పుడు నేను దేవుణ్ణి తలుచుకోలేదు. మా తమ్ముణ్ణి తలుచుకున్నాను. ఆ చెరుకు తోటలో వాడికి దూరడానికి ఇలాంటి గొట్టం కూడా లేదు.

బస్సు హారన్ వినపడేదాకా అలాగే ఉన్నాను. డ్రైవరు దూరంలోనే ఆపి, ఆపకుండా హారన్ కొట్టాడు. అది మెల్లగా, ఆ కాలు ఈడ్చుకుంటూ అడవిలోకి వెళ్లిపోయింది. కండక్టరు సైకిల్ చూసి మనిషి ఎక్కడుందోనని భయపడుతూ రోడ్డు వార చూస్తున్నాడు.

"ఎవురన్నా ఉండారా?"

"ఉండానప్పా. ఈడ ఉండాను," అన్నాను గొట్టంలోంచి.

"అయ్యో తల్లీ. యాల వచ్చినావు ఒంటిగా?" చెయ్యిచ్చి లాగాడు. వెనుక చక్రం అప్పడంలా ముడుచుకుపోయింది. సైకిల్‌ను బస్సు మీదికి ఎక్కిస్తూ, "ఇంగ ఇది పాత ఇనుముకి గూడా పనికిరాదమ్మా," అన్నాడు. టికెట్ కొట్టలేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. సిద్దప్ప చెప్పినట్టే అమ్మ వాకిట్లో మూడు రాళ్ల మీద కుండ పెట్టుకుని సంగటి కెలుకుతోంది. గుమ్మం లోపల నాగరత్న నిలబడి ఉంది, నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. అమ్మ పక్కన పందిరి వాసానికి పసుపు గుడ్డలో కట్టిన రూపాయి బిళ్ల ఒకటి వేలాడుతోంది. అదేమిటని అడగాల్సిన పని లేకపోయింది. కోడలు చేసిన తప్పుకు కట్టిన ముడుపు. నాగరత్న ఇల్లు వదిలిన రోజు దాన్ని విప్పి వినాయకుడి హుండీలో వేయాలని అమ్మ మొక్కుకుందని సిద్దప్ప ముందే చెప్పాడు. అప్పటిదాకా ఆ ఇల్లు దేవుడికి బాకీ ఉన్నట్టు లెక్క.

"ఏమ్మే రుక్కమ్మా, ఆ రగతమేందే?" అంది అమ్మ, గరిటె చేతిలోనే ఉంది.

కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. గుమ్మం లోపలి మనిషికి కూడా వినపడేట్టు చెప్పాను. అమ్మ చివరిదాకా విని, నా ముఖంలోకి చూసింది.

"పొద్దున తలకు పోసుకున్న్యావా?"

"పోసుకున్న్యా."

"ఏమన్నా తిన్న్యావా?"

"ఒక్కపొద్దు గదమ్మా ఈ పొద్దు. వి.కోటలో టీ నీళ్లు తాగినా, అంతే."

"కాళ్లకి చెప్పులతోనే మొక్కింటావు."

"చెప్పులు క్యారియర్‌కి కట్టిండా."

"దారిలో సావు ఏమన్నా ఎదురొచ్చిందా?"

"రాలా."

"మనసులో తిట్టుకున్న్యావేమో. తమ్ముణ్ణి సంపిందని."

"తిట్టుకోలా. కోపం సాలించు సామీ అనుకున్న్యా."

అమ్మ ఇంకా వెతుకుతోంది. ఆ ముఖం చూస్తే నాకు తెలుస్తోంది. చివరికి గొంతు తగ్గించి, "నీకు అది నిలిచిపొయ్యి రెండేండ్లయ్యింది గదా," అంది, నన్ను అడిగినట్టు కాకుండా తనకు తనే చెప్పుకున్నట్టు. కుండలో సంగటి అడుగంటుతోంది. వాసన వస్తున్నా కెలకలేదు.

"మరి యాల వచ్చినాదే నీ మీదికి?"

"దాని కాలు పుండయ్యుండాదమ్మా. ఈగలు ముసురుతాండాయి. ఆ నొప్పికి వచ్చింది. నేను తలకు పోసుకున్న్యానో లేదో దానికేం తెలుసు. ఆ పొద్దు పళ్లెం ఎవురు సర్దినారో గూడా దానికి తెలీదు."

"నొప్పికా," అంది అమ్మ.

నాగరత్న గుమ్మం దాటి బయటికి రాలేదు. తలుపు చెక్క పట్టుకుని, "తప్పు నాది కాదా వదినా?" అంది.

"కాదు నాగరత్నా."

ఆమె గుండె తేలికపడుతుందనుకున్నాను. అంత దూరం నుంచి ఏదో మంచే మోసుకొచ్చాననుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"నా వల్ల పోయినాడనుకుంటా ఉంటిని. పుట్టింట్లో ఆ తప్పు కడుక్కుంటా బతికేస్తాననుకుంటిని. నాది కాకుంటే మరి ఆయప్ప యాల పోయినట్టు వదినా? దేనికి పోయినట్టు?"

ఆమె గుమ్మంలోనే కూలబడిపోయి ఏడ్చింది. శవం లేచిన రోజు కూడా ఆమె గొంతు అంత బయటికి రాలేదు. ఆ రోజు తప్పు చేసినదానిలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు మొగుడు పోయినదానిలా ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. అమ్మ అటు తిరిగి మూడు రాళ్ల ముందే కూర్చుంది. మంట తగ్గింది, పొగ వచ్చింది, తర్వాత అదీ లేదు.

బాగా చీకటిపడిన తర్వాత అమ్మ, తల తిప్పకుండానే అంది.

"నాగరత్నా, ఈడ పొయ్యి ఆరిపోయింది. లోపల సంగటుంటే రోంత పెట్టు."

నాగరత్న లేచింది. ముఖం కడుక్కోలేదు, కొంగుతోనే తుడుచుకుంది. పళ్లెంలో సంగటి ముద్ద, పక్కన పులుసు వేసి అమ్మ ముందు పెట్టింది. అమ్మ ముద్ద తుంచి, పులుసులో అద్ది నోట్లో పెట్టుకుంది. క్షమించమనడం, తప్పయిందనడం మా ఇళ్లల్లో లేదు. ఆ ముద్ద అంతా తినేదాకా నాగరత్న అక్కడే నిలబడి ఉంది.

మరునాడు పొద్దున పక్కింటామె నన్ను చూడ్డానికి వచ్చింది. సాయంత్రం మళ్లీ చెరువు గట్టు మీద హారతి పెడుతున్నారని చెప్పింది. "మా ఇంటి నుంచి ఎవురూ రారు," అంది అమ్మ. "అది దెబ్బ తగిలిన జంతువు. మా ఇంట్లో తప్పేం జరగలా." పక్కింటామె నమ్మలేదు. నా మోచేతుల వంక ఒకసారి, నాగరత్న వంక ఒకసారి చూసి, తల ఊపి వెళ్లిపోయింది. ఊరంతా మారుతుందని నేను అనుకోలేదు. ఆ ఒక్క ఇల్లు నాకు చాలు. అమ్మను మా ఇంటికి రమ్మంటే, "ఈ పిల్లని ఒంటిగా ఇడిసిపెట్టి యాడికొచ్చేది," అంది. మూడో నెల తర్వాత పంపించే మాట మళ్లీ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణం బస్సులోనే, సైకిల్ బస్సు మీద, నేను కిటికీ పక్కన. పలమనేరు లోపే రెండుసార్లు వాంతి అయింది. పోను రాను ఖర్చు, పంక్చరు, బస్సు, సైకిల్ లగేజీ అన్నీ కలిపి ముప్పై రూపాయలు దాటలేదు. వెనుక చక్రం మాత్రం కొత్తది వేయాల్సి వచ్చింది. తర్వాత కొన్ని రోజులకు సిద్దప్ప వచ్చినప్పుడు, ఆ కుంటి ఏనుగు చెరువు లోపల బురదలో పడి చనిపోయిందని చెప్పాడు. రెండు రోజులు లేవలేక నీళ్లలోనే పడి ఉందట. అమ్మ, నాగరత్న కలిసి వెళ్లి దూరం నుంచి చూసి వచ్చారట. అది మా తమ్ముణ్ణి చంపిన ఏనుగో కాదో ఎవరికీ తెలియదు. నేను ఆ దారి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ముందు గుర్తుకొచ్చేది దాని కోపం కాదు, ఆ కాలి మీద మళ్లీ మళ్లీ దుమ్ము చల్లుకోవడం. దానికి మందు వేసేవాళ్లు లేరు. మా తమ్ముడికి పక్కకు లాగేవాళ్లు లేరు. ఇద్దరి మధ్యా ఒక కర్పూరం దీపం ఉంది, అంతే. ఇందులో తప్పు ఎవరిదని అడిగితే, నాగరత్న అడిగిన ప్రశ్న దగ్గరే నేనూ ఆగిపోతున్నాను. ఎవరిదీ కాని దుఃఖాన్ని మోయడం కష్టం. ఆ ఇద్దరు ఆడవాళ్లు ఇప్పుడు ఒకే పొయ్యి దగ్గర కూర్చుని దాన్ని మోస్తున్నారు.

ఆ దారిలో పోయేవాళ్లకు ఒక్క మాట. ఏనుగు కనపడితే నమస్కారం పెట్టడానికి ఆగకండి, పండు చూపించకండి. ఎంత దూరంలో ఉన్నా సరే, చప్పుడు చేయకుండా సైకిల్ తిప్పుకుని వచ్చిన దారినే వెనక్కి పోండి. టైము లేకపోతే సైకిల్ అక్కడే వదిలేయండి.

ఫిబ్రవరి 11, మంగళవారం. పొద్దున చేసిన పనులు: వాకిట్లోని మూడు రాళ్లు తీసి గోడ వారన వేశాం, బూడిద ఎత్తి పేడతో అలికాం. అమ్మ రోలు ఎక్కి ముడుపు తనే విప్పి, ఆ రూపాయి నాగరత్న చేతికిచ్చి ఉప్పు తెప్పించమంది. దేవుడికి ఆ ఇంటి బాకీ చెల్లు.